బత్తాయి తోటలో సెన్సార్ నెట్‌వర్క్: గుంత తవ్వడం నుంచి ఫోన్‌కు కబురు వచ్చేదాకా

నల్లగొండ జిల్లాలో బత్తాయి తోట ఉన్నవాళ్లకు డిసెంబరు టెన్షన్ నెల. తోటను బెట్టకు వదిలే కాలం అది. నీళ్లు ఆపి, ఆకు కొంచెం వాడేదాకా చూసి, మళ్లీ తడి ఇస్తే చెట్టు విరగబూస్తుంది. నాలుగు రోజులు ఎక్కువ ఆపితే ఆకు రాలి కొమ్మలు ఎండుతాయి. తక్కువ ఆపితే పూతకు బదులు చిగురు తోసుకొస్తుంది. ఒకే తోటలో పై మడి దుబ్బ నేల, కింది మడి నల్లమట్టి అయితే రెండింటికీ ఒకే లెక్క పనికిరాదు. చండూరు వైపు మా ఐదెకరాల తోటలో ఈ చిక్కు తీర్చుకోవడానికే సెన్సార్ నెట్‌వర్క్ పెట్టుకున్నాం. అది ఎలా పనిచేస్తుందో, మీరూ ఎలా పెట్టుకోవచ్చో, మేం ఎక్కడ దెబ్బతిన్నామో వరసగా చెప్తాను.

మట్టిలో తడికి మనకు మూడు మంచి మాటలున్నాయి: బెట్ట (తడి చాలకపోవడం), పదును (సరిపడా తడి), జాలు (మితిమీరిన తడి). సెన్సార్ పంపే అంకెలకు ఈ మూడు మాటల్లో అర్థం చెప్పగలిగినప్పుడే ఆ నెట్‌వర్క్ మన తోటకు పనికొచ్చినట్టు. ఈ మార్గదర్శిలో సగం పని దానికోసమే.

ముందు విషయం అర్థం చేసుకుందాం

సెన్సార్ అంటే చుట్టూ జరిగే మార్పును కరెంటు రూపంలోకి మార్చే వస్తువు. ఆ సెన్సార్‌కు చిన్న కంప్యూటర్ చిప్పు, రేడియో, బ్యాటరీ జోడిస్తే అది నోడు. అలాంటి నోడ్లు కొన్ని తోటలో అక్కడక్కడా ఉండి, చూసిన సంగతిని రేడియో మీద ఒక చోటికి చేరవేస్తే అది నెట్‌వర్క్. కబుర్లన్నీ చేరే ఆ చోటును గేట్‌వే అంటారు. గేట్‌వే వాటిని ఇంటర్నెట్ ద్వారా మన ఫోన్‌కు పంపుతుంది.

అమ్రాబాద్ అడవిలో పులుల లెక్క కోసం పెట్టే కెమెరాలతో పోల్చి చూడండి. మామూలు కెమెరా ట్రాప్ ఫొటో తీసి మెమరీ కార్డులో దాచుకుంటుంది. మనిషి వెళ్లి కార్డు తీసేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు. అదే కెమెరా ఫొటోను రేడియో మీదో సిమ్ మీదో అప్పటికప్పుడు పంపితే నెట్‌వర్క్‌లో భాగమవుతుంది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1950లలోనే అమెరికా నౌకాదళం సముద్రం అడుగున మైక్రోఫోన్ల వరసలు పరచి జలాంతర్గాముల చప్పుడు వినేది. చిన్న చిన్న వైర్‌లెస్ నోడ్లతో చేసిన తొలి పనుల్లో నాకు బాగా నచ్చింది 2002లో అమెరికాలోని గ్రేట్ డక్ ఐలాండ్‌లో జరిగింది. అక్కడ ఒక జాతి సముద్ర పక్షులు నేలలో బొరియలు చేసుకుని గుడ్లు పెడతాయి. మనిషి అలికిడి తగిలితే గూడు వదిలేస్తాయి. అందుకని పరిశోధకులు 32 నోడ్లు తీసుకెళ్లి కొన్నింటిని బొరియల్లోనే పెట్టి, దూరం నుంచే లోపలి వేడిమి, తేమ తెలుసుకున్నారు. బత్తాయి వేరుదీ అదే పరిస్థితి. రోజూ తవ్వి చూస్తే చెట్టుకే నష్టం. మనం వెళ్లలేని చోట ఒక కన్ను ఉంచాలి.

మొదటి మెట్టు: దేనికోసమో ఒక వాక్యంలో రాసుకోండి

కొనడానికి ముందు చేయాల్సిన పని ఇది. 'తోట గురించి అన్నీ తెలియాలి' అని మొదలుపెట్టినవాళ్లు గాలి, ఎండ, వాన, ఆకు తడి అంటూ పది రకాలు కొని ఏడాదికల్లా మూలన పడేస్తారు. మేం రాసుకున్న వాక్యం ఇది: 'ఏ మడికి ఏ రోజు నీళ్లు విడవాలి, ఎప్పుడు ఆపాలి?' దీనికి మట్టి తడి సెన్సార్లు చాలు. తర్వాత మోటరు కోసం ఒకటి కలిపాం, దాని సంగతి చివర్లో.

రెండో మెట్టు: తోటను మడులుగా విడదీయండి

నోడ్లను ఎకరానికి ఒకటి చొప్పున లెక్కగట్టి కొనకండి. నేల మారిన చోట, వాలు మారిన చోట, గేటు వాల్వు మారిన చోట ఒకటి కావాలి. ఒకే వాల్వు కింద ఉన్న చెట్లకు ఎలాగూ విడివిడిగా నీళ్లు ఇవ్వలేం. మాకు నాలుగు వాల్వులు, అందుకే నాలుగు నోడ్లు. ఒక్కో నోడుకు రెండు సెన్సార్లు: ఒకటి అడుగు లోతులో, రెండోది రెండడుగుల లోతులో. బత్తాయికి నీరు, తిండి లాగే వేర్లు చాలావరకు ఆ రెండడుగుల్లోపే ఉంటాయి. పైది 'ఇప్పుడు దాహం వేస్తోందా' అన్నది చెప్తుంది. కిందిది 'పోసిన నీళ్లు వేరు దాటి వృథాగా దిగిపోతున్నాయా' అన్నది చెప్తుంది. నీళ్లు విడిచిన ప్రతిసారీ కింది సెన్సార్ కూడా పూర్తిగా తడిసిపోతుంటే మోటరు ఎక్కువసేపు వేస్తున్నామని అర్థం. మా పై మడిలో మొదటి నెలలో బయటపడింది అదే.

మూడో మెట్టు: సామాను

మట్టి తడి సెన్సార్లలో చవకవి రెండు రకాలు. రెండు పుల్లల్లా ఉండి మట్టి గుండా కరెంటు పోనిచ్చి చూసే రకం వద్దు. కరెంటు పోతున్నకొద్దీ ఆ పుల్లలు తుప్పుపట్టి, కొన్నాళ్లకే అంకెలు తప్పుతాయి. పైగా ఎరువు వేసిన రోజు మట్టిలో లవణం పెరిగి, లేని తడిని ఉన్నట్టు చూపిస్తుంది. కెపాసిటివ్ రకం తీసుకోండి. ఇది విద్యుత్ క్షేత్రాన్ని మట్టి ఎంతగా పట్టి ఉంచుకుంటుందో చూస్తుంది. ఆ గుణం గాలికి 1 అయితే, ఎండిన మట్టికి 3 నుంచి 5, నీటికి సుమారు 80. ఇంత తేడా ఉంది కాబట్టే మట్టిలో కొంచెం నీరు కలిసినా సెన్సార్ పసిగడుతుంది.

పైకి ఒకేలా కనిపించే సెన్సార్ బోర్డుల్లో కొన్ని 3.3 వోల్టుల మీద సరిగా పనిచేయవు. అందుకే తోటకు తీసుకెళ్లకముందే ఒక్కోదాన్నీ గాలిలో ఒకసారి, బోర్డు మీదున్న గీత దాకా గ్లాసు నీళ్లలో ఒకసారి పెట్టి రెండు అంకెలూ రాసుకోండి. మేం కొన్న పదింటిలో రెండు అక్కడే తేలిపోయాయి. మిగతావాటికి బోర్డు అంచులకు రెండు పూతలు గోళ్ల రంగు వేసి, పైన విడిభాగాలున్న చోటంతా ఎపాక్సీ గమ్ముతో మూసేశాం. బోర్డు అంచు నుంచి చెమ్మ లోపలికి పాకుతుంది, సెన్సార్ చెడిపోయేది ఎక్కువగా అలాగే.

చిప్పు విషయానికొస్తే ఈఎస్‌పీ32 దొరుకుతుంది, చవక, సాయం చేసేవాళ్లూ ఎక్కువ. సెన్సార్ వైరును 32 నుంచి 39 వరకున్న పిన్నుల్లో దేనికైనా కలపండి. వోల్టేజి చదివే వేరే పిన్నులు (అనలాగ్ పిన్నులు) వైఫై నడుస్తున్నప్పుడు పనిచేయవు, ఇది తెలియక రెండు రాత్రులు కూర్చున్నాం. ఇరవై రీడింగులు తీసుకుని, చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చి, నడిమిది తీసుకుంటే చిల్లర తేడాలు పోతాయి.

రేడియోకు లోరా. వైఫై తోట దాటదు. నోడుకో సిమ్ అంటే నెలనెలా రీచార్జి. లోరా చాలా తక్కువ శక్తితో చిన్న కబురును నెమ్మదిగా పంపుతుంది, అడ్డు లేకపోతే కిలోమీటర్ల దూరం పోతుంది. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ మధ్య లైసెన్సు లేకుండా, పరిమితమైన శక్తితో వాడుకోవచ్చు. మార్కెట్లో 433, 915 మాడ్యూళ్లు కూడా కనిపిస్తాయి, అంకె చూసి కొనండి. యాంటెనా కూడా ఆ అంకెకు సరిపోయేదే ఉండాలి. యాంటెనా బిగించకుండా మాడ్యూల్‌కు కరెంటు ఇచ్చి కబురు పంపిస్తే అది కాలిపోవచ్చు.

నాలుగో మెట్టు: మీ మట్టితోనే కొలత నేర్పండి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే, ఎక్కువమంది దాటేసేదీ ఇదే. సెన్సార్‌తో వచ్చే 'తడి 47 శాతం' లాంటి అంకెను నమ్మకండి. అది ఎవరి మట్టికి 47 శాతం? చెలకలో ఒక అంకె, నల్లరేగడిలో అదే తడికి ఇంకో అంకె వస్తుంది.

చేయాల్సింది ఇది. ఒక్కో మడి నుంచి అడుగు లోతు మట్టి రెండు కిలోలు తెచ్చి, రాళ్లు ఏరి, ఎండలో పలచగా పరచి, బరువు ఇక తగ్గడం లేదు అనేదాకా ఆరబెట్టండి. ల్యాబులో అయితే 105 డిగ్రీల వేడిలో ఒక రోజు ఉంచుతారు. మనకు ఏప్రిల్, మే ఎండ దాదాపు సరిపోతుంది, కొంచెం చెమ్మ మిగిలినా మన అవసరానికి పెద్ద తేడా రాదు. ఆరిన మట్టి కిలో తూచి ప్లాస్టిక్ డబ్బాలో పోయండి. తోటలో ఎంత గట్టిగా ఉంటుందో అంత గట్టిగా అదిమి, సెన్సార్‌ను గుచ్చి అంకె రాసుకోండి. తర్వాత మట్టిని బేసిన్‌లో పోసి 50 గ్రాముల నీళ్లు చల్లి, చేత్తో బాగా కలిపి, మళ్లీ అదిమి, మళ్లీ గుచ్చండి. అలా 50 గ్రాముల చొప్పున పెంచుతూ మట్టి బురదయ్యేదాకా పోవాలి. మట్టిని వదులుగా వదిలితే గాలి సందుల వల్ల అంకె మారిపోతుంది, అదిమే తీరు ప్రతిసారీ ఒకటే ఉండాలి.

మా పై మడి దుబ్బ మట్టిలో చిప్పు చదివే ముడి అంకె ఎండుకు 2600 దగ్గర మొదలై, తడి పెరిగేకొద్దీ తగ్గుతూ వచ్చింది. ఈ సెన్సార్లలో అంకె తగ్గితే తడి పెరిగినట్టు, మొదట్లో ఇది అందరినీ తికమక పెడుతుంది. ప్రతి దశలో ఒక పిడికెడు మట్టి మా నాయన చేతిలో పెట్టాను. ముద్ద కట్టి, వేలితో నొక్కితే విరిగే మట్టిని 'ఇది పదును బిడ్డా' అన్నాడు. పొడిపొడిగా రాలేదాన్ని బెట్ట అన్నాడు. పిసికితే వేళ్ల మధ్య నీరు మెరిసేదాన్ని జాలు అన్నాడు. ఆ మూడు మాటలు ఏ అంకెల దగ్గర వచ్చాయో రాసుకున్నాం. దుబ్బకు ఒక వరస, నల్లమట్టికి ఒక వరస. ఇప్పుడు మా ఫోన్‌లో అంకె పక్కన కనిపించేవి ఆ మాటలే.

ఐదో మెట్టు: పాతడం

డ్రిప్పర్ కిందే పాతితే ఎప్పుడూ తడి అనే చెప్తుంది. మేం మొదట చేసిన తప్పు ఇదే. ఆకు వాడుతుంటే ఫోన్ మాత్రం 'పదును' అంటూ కూర్చుంది. డ్రిప్పర్‌కు అడుగు దూరంలో, చెట్టు గొడుగు అంచుకు లోపల పాతండి. చెట్టు కూడా ఆ మడిలో నడిమి రకం ఉండాలి, అన్నిటికంటే ఏపుగా ఉన్నదీ వద్దు, నీరసంగా ఉన్నదీ వద్దు.

గుంత తవ్వేటప్పుడు పై మట్టి ఒక పక్క, కింది మట్టి ఒక పక్క పోయండి, పూడ్చేటప్పుడు అదే వరసలో పోవాలి. సెన్సార్‌ను గుంత అడుగున నిలబెట్టకుండా, పక్క గోడలో కదిలించని మట్టిలోకి అడ్డంగా దూర్చండి. అదే మట్టిని పలచగా కలిపి చుట్టూ పూస్తే గాలి సందు ఉండదు. వైరును పైకి తెచ్చేటప్పుడు ఒక చోట కిందికి వంపు ఇవ్వండి. లేదంటే వాన నీరు వైరు పట్టుకుని నేరుగా సెన్సార్ మీదికి దిగి తప్పు తడి చూపిస్తుంది. వైరును సన్నటి పీవీసీ పైపులో దూర్చాలి, ఎలుకలు వదిలిపెట్టవు. పాతిన తర్వాత రెండు మూడు తడులు అయ్యేదాకా అంకెలను పట్టించుకోకండి, మట్టి సర్దుకోవాలి.

ఆరో మెట్టు: బ్యాటరీ లెక్క

నోడు ఎన్నాళ్లు నడుస్తుందో కొనకముందే కాగితం మీద తేలుతుంది. 3000 మిల్లీఆంప్ అవర్ సెల్లు ఒకటి అనుకుందాం. నోడు ఎప్పుడూ మెలకువగా ఉండి సగటున 50 మిల్లీఆంపులు తాగితే 60 గంటలు, అంటే రెండున్నర రోజుల్లో ఖాళీ. అదే నోడు పావుగంటకోసారి లేచి, రెండు సెకన్లు పనిచేసి, మళ్లీ పడుకుంటే? 900 సెకన్లలో 2 సెకన్లే 50 మిల్లీఆంపులు, సగటు 0.11. నిద్రలో 0.05 కలిపితే 0.16. లెక్క ప్రకారం రెండేళ్లు దాటుతుంది. వేడికి, సెల్లు దానంతటదే దిగిపోవడానికి సగం తీసేసినా ఏడాది ఖాయం. ఒక జాగ్రత్త: నిద్రలో చిప్పు అతి తక్కువే తాగినా, బోర్డు మీదుండే దీపం, రెగ్యులేటర్ ఎక్కువ తాగుతాయి. మీటరు పెట్టి చూసి, ఆ దీపం పీకేయండి. సెన్సార్‌కు కూడా చదివే సమయంలోనే కరెంటు ఇవ్వాలి.

మన దగ్గర బ్యాటరీకి అసలు శత్రువు ఎండ. మేలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, మూసిన డబ్బాలో ఇంకా ఎక్కువ. మా మొదటి నోడు నల్ల డబ్బాలో ఉండేది. ఏప్రిల్ చివర్లో తెరిచి చూస్తే లోపలి బ్యాటరీ ఉబ్బి, డబ్బా మూత పక్కకు తోసుకొచ్చింది. ఇప్పుడు తెల్ల డబ్బా, చెట్టు నీడలో ఉత్తరం వైపు, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు. ఈ రకం వేడిని బాగా తట్టుకుంటుంది. సోలార్ పలక మేం పెట్టలేదు. మెరిసే వస్తువు కనిపిస్తే కోతులు ఊరుకోవు.

ఏడో మెట్టు: రేడియో, గేట్‌వే

లోరాలో ఒక సర్దుబాటు ఉంటుంది, స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ అంటారు, 7 నుంచి 12 దాకా వాడుకుంటాం. పెంచితే దూరం పోతుంది కానీ కబురు పంపే సమయం, బ్యాటరీ ఖర్చు పెరుగుతాయి. 20 బైట్ల కబురుకు 7 దగ్గర సుమారు 57 మిల్లీసెకన్లు పడితే, 12 దగ్గర 1.3 సెకన్లు. అందుకని 7తో మొదలుపెట్టి, అందకపోతేనే పెంచండి.

బత్తాయి ఆకు దట్టం, రేడియోను బాగా మింగేస్తుంది. వాన పడిన రోజు ఇంకా ఎక్కువ. నోడు డబ్బా కిందున్నా యాంటెనాను వెదురు బొంగు మీద చెట్టు తల దాటేలా నిలపండి. గేట్‌వేను మేం బోరు దగ్గర స్టార్టర్ గదిలో పెట్టాం, మొదట లోపలే. రేకుల కప్పు కింద ఉండటంతో నాలుగో నోడు కబురు సగం రోజులు అందేదే కాదు. యాంటెనాను కప్పు పైకి తెచ్చాక సరిపోయింది. నోడు చేత్తో పట్టుకుని తోటంతా తిరుగుతూ గేట్‌వేకు అందే బలం చూడండి. ఆ బలం మైనస్ 110 డీబీఎం కంటే మెరుగ్గా (అంటే సున్నాకు దగ్గరగా) ఉన్న చోట నిలిపితే, వానాకాలంలో తగ్గినా నిలబడుతుంది.

కబురులో ఏం ఉండాలి? నోడు సంఖ్య, వరస సంఖ్య, రెండు సెన్సార్ల ముడి అంకెలు, బ్యాటరీ వోల్టేజి. వరస సంఖ్య చాలా ముఖ్యం. 41 తర్వాత 44 వస్తే రెండు దారిలో పోయాయని తెలుస్తుంది. ముడి అంకెలే పంపండి, బెట్టా పదునా అన్నది గేట్‌వే తేల్చాలి. కొలత సవరించాల్సి వస్తే నోడ్లు విప్పే పని ఉండదు. అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా వినపడదు కాబట్టి, ప్రతి నోడు తన పావుగంటకు కొన్ని సెకన్లు అటూఇటూ తడబడేలా ప్రోగ్రాములో పెట్టాలి. గేట్‌వే అందిన ప్రతి కబురునూ ముందు తన మెమరీ కార్డులో రాసుకోవాలి. మన పల్లెల్లో సిమ్ నెట్ పోయి వస్తుంటుంది, వచ్చాక దాచినవన్నీ పంపుతుంది.

ఎనిమిదో మెట్టు: ఎప్పుడు ఫోన్ మోగాలి

ఒక్క రీడింగు చూసి మోగించకండి. వరసగా నాలుగు రీడింగులు, అంటే గంటసేపు బెట్ట అని వస్తేనే కబురు. ఇంకో హెచ్చరిక తప్పక పెట్టండి: ఏ నోడైనా రెండు గంటలు మాట్లాడకపోతే చెప్పాలి. చచ్చిపోయిన నోడు చివర్లో పంపిన 'పదును' తెర మీద అలాగే నిలిచిపోయి తోటను ఎండబెట్టగలదు.

ఇక మోటరు సంగతి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల కరెంటు వచ్చాక, ఆటో స్టార్టర్ ఉన్న మోటర్లు బోరులో నీళ్లు అయిపోయినా తిరుగుతూనే ఉండే ప్రమాదం పెరిగింది. నీళ్లు లేక వట్టిగా తిరిగే సబ్‌మెర్సిబుల్ మోటరు తక్కువ ఆంపులు తీసుకుంటుంది. ఒక ఫేజు వైరు చుట్టూ తొడిగి కరెంటు కొలిచే సీటీ సెన్సార్ ఆ తగ్గుదలను పట్టేస్తుంది. మా ఐదు హార్స్‌పవర్ మోటరు మామూలుగా 8 ఆంపుల దగ్గర నడుస్తుంది, బాగా పడిపోతే ఫోన్ మోగుతుంది. ఈ బిగింపు ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. మోటరును దానంతటదే ఆపే ఏర్పాటు పెట్టుకున్నా, చేత్తో వేసే స్విచ్చు మాత్రం తీసేయకండి.

ఇవే నోడ్లు ఇంకెక్కడ పనికొస్తాయి

చుట్టూ చూస్తే చాలా చోట్ల ఇప్పటికే ఉన్నాయి. రాష్ట్రమంతటా ఉన్న ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు వాన, వేడిమి అంకెలు పంపుతుంటాయి. భూగర్భ జల శాఖ పరిశీలన బోర్లలో నీటి మట్టం కొలుస్తారు. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, దానికి ఎంత దూరంలో ఉన్నామన్న అంకె మీదే ఎడమ కాల్వ కింద నాటు నిర్ణయాలు ఆధారపడతాయి. పాలమూరు వైపు యాసంగి పల్లీకి స్ప్రింక్లర్లతో తడి ఇచ్చేవాళ్లకు మేం చేసిన పద్ధతే సరిపోతుంది, సెన్సార్ లోతు మాత్రం తగ్గించుకోవాలి.

ఒక హెచ్చరిక మాత్రం చెప్పి తీరాలి. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ ఎంత మందిని వంచేసిందో మనకు తెలుసు. చవకగా దొరికే టీడీఎస్ సెన్సార్ నీటిలో ఫ్లోరైడ్‌ను కొలవదు, కరిగిన లవణాల మొత్తాన్ని మాత్రమే అంచనా వేస్తుంది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా. టీడీఎస్ అంకె తక్కువ వచ్చిందని బోరు నీళ్లు తాగకండి, ల్యాబు పరీక్ష చేయించండి.

తొమ్మిదో మెట్టు: ఏటా ఒకసారి తవ్వి చూడటం

బెట్టకు వదలడానికి ముందు, నవంబరులో, ప్రతి నోడు దగ్గరా సెన్సార్‌కు రెండడుగుల పక్కన చిన్న గుంత తీసి, మట్టి తూచి, ఆరబెట్టి, మళ్లీ తూచి, అసలు తడి ఎంతో లెక్కగట్టి నోడు చెప్పిన దానితో పోల్చండి. తేడా వస్తే గేట్‌వేలోని వరసను సవరించుకోండి. డబ్బాలో చీమలున్నాయా, వైరు కొరికారా, యాంటెనా బిగువుగా ఉందా చూడండి.

మధ్యలో కూడా మేం ఒక నోట్‌బుక్ రాస్తున్నాం. తోటకు వెళ్లిన రోజు నాయన ముందు మట్టి పట్టి చూసి బెట్టో పదునో చెప్తాడు, ఆ తర్వాతే నేను ఫోన్ తీస్తాను. రెండు గడులు, రెండు మాటలు, పక్కన తేదీ. నిన్నటి వరసలో మూడు నోడ్ల దగ్గర రెండు మాటలూ కలిశాయి. రెండో నోడు జాలు అంటోంది, నాయన కాదంటున్నాడు. పొద్దున్నే గడ్డపార తీసుకుని ఆ పాదు దగ్గరికి పోవాలి.